ముందు ఆయనకు, తర్వాత మీకు

"కమలాపళ్ళు ఎవరికిచ్చావమ్మా?"

శ్యాం కోటు కూడా విప్పలేదు. తలుపు తీసుకుని వస్తూనే అదే మాట. వాన నీళ్ళు కారుతున్న బూట్లతోనే వంటింట్లోకి వచ్చేశాడు.

పుష్పవతి సింకు దగ్గర అటు తిరిగి నిలబడి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"గిరిజమ్మకిచ్చాను. అయితే ఏంటంట?"

"ఏంటంటావా? నిన్న లూకన్‌లో షాపులో గిరిజాకుమారి ఆంటీ లీవెన్ వాళ్ళమ్మని ఆపి మరీ థాంక్స్ చెప్పిందంట. 'మీ పళ్ళు చాలా తియ్యగా ఉన్నాయండీ, పుష్పవతిగారు మొత్తం మాకే ఇచ్చేశారు' అని. ఆవిడ ముఖం ఎట్లా అయిపోయుంటుందో ఆలోచించు."

పుష్పవతి చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆదివారం కాబోయే వియ్యపురాలు టీకి వచ్చినప్పుడు పక్కింటి గిరిజను కూడా పిలవడమే పొరపాటయింది. పిలవకపోతే ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలిసేదే కాదు.

"గిరిజమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కదరా..."

"ఆంటీని అనకు. ఇచ్చింది నువ్వు. ఎందుకిచ్చావ్?"

"పారేయలేక ఇచ్చాను. తినే వస్తువు చెత్తబుట్టలో వెయ్యమంటావా?"

"మనల్ని తినమని ఇచ్చారమ్మా!"

"మనకా ఇచ్చింది? ఆవిడే చెప్పింది కదా, నువ్వూ విన్నావు. 'ముందు మా ఆయనకు, తర్వాత మీకు' అని. ఫొటో ముందు పెట్టి, అగరొత్తులు వెలిగించి, దణ్ణం పెట్టి, అవే తెచ్చి నా చేతిలో పెట్టింది. అర్పించినవి మనం తింటామా? ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలీదా నీకు?"

"అది విగ్రహం కాదు. లీవెన్ వాళ్ళ నాన్న."

"పోయినాయన."

"అవును, పోయినాయన! ఆయన వర్ధంతి రోజున పళ్ళు పెట్టి, మన గురించి ఆయనకు చెప్పుకుని, అవి మనకు తెచ్చింది. వీళ్ళు మనవాళ్ళవుతున్నారు అని చెప్పిందంటమ్మా ఆయనకి. నువ్వు వాటిని తీసుకెళ్ళి పక్కింట్లో పడేశావ్."

ఆ మాటకు పుష్పవతి ఇటు తిరిగింది. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

చీరాలలో ఉన్నన్నాళ్ళూ ఇదే పద్ధతి. పక్కింటివాళ్ళు వ్రతం చేసుకుని ప్రసాదం పంపితే, కాదనకుండా రెండు చేతులా అందుకునేది. అందుకున్నది అందుకున్నట్టు వెనక గుమ్మంలోంచి చాకలామెకు ఇచ్చేసేది. ఇచ్చినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, తీసుకున్నవాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. క్రిస్మస్‌కు తను పంపిన కేకు ఏ ఇంట్లో ఎవరి నోట్లో పడిందో తనూ ఎన్నడూ ఆరా తీయలేదు. మనుషులు అలా సర్దుకుని బతకడంలో తప్పేముందో పుష్పవతికి ఎప్పుడూ అర్థం కాలేదు.

"మరి ఆవిడ ఏమందిరా?" అని నెమ్మదిగా అడిగింది.

శ్యాం కిటికీ వైపు చూశాడు. "ఏమంటుంది? వాళ్ళు మనలాగా అరవరు కదా. 'మీ అమ్మగారికి అంతదూరం ప్రయాణం శ్రమ, ఈసారికి వద్దులే' అందంట."

పుష్పవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంటే... నేను రావద్దనా?"

"నీకే తెలుసు కదా దానికి అర్థం. నేనే చెప్పా నీకు."

"నా టికెట్టు?"

"చూద్దాంలే అమ్మా." 

శ్యాం మేడ మీదకు వెళ్ళిపోయాడు. కంచంలో వడ్డించిన అన్నం బల్ల మీద అలాగే చల్లారిపోయింది.

*

లీవెన్‌ది లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో శ్యాం పక్క బల్ల. రెండేళ్ళుగా ఒకరంటే ఒకరికి ఇష్టం. పెళ్ళికి పుష్పవతి మొదట్లో నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు ఒప్పుకుంది. ఏప్రిల్ మొదట్లో చైనాలో సమాధులు శుభ్రం చేసుకునే పండుగ వస్తుంది. దానికి లీవెన్, వాళ్ళమ్మ సొంతూరు వెళ్తున్నారు. శ్యాంనూ పుష్పవతినీ కూడా తీసుకెళ్ళి, లీవెన్ నాయనమ్మకు చూపించి మాట ఖాయం చేసుకోవాలన్నది అందరూ అనుకున్నదే.

అప్పటినుంచీ రాత్రి భోజనాలయ్యాక శ్యాం కంప్యూటరు ముందు పెట్టుకుని తల్లికి చైనా సంగతులు చెబుతూ వచ్చాడు.

"లీవెన్ వాళ్ళమ్మని చెన్ ఆంటీ అనకు. చెన్ వాళ్ళాయన ఇంటిపేరు. ఆవిడ హువాంగ్. వాళ్ళలో ఆడవాళ్ళు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోరు."

"మార్చుకోరా! మా అమ్మగారింటి పేరు ఏంటో నాకే గుర్తు తెచ్చుకోవాల్సొస్తది."

"చల్లనీళ్ళు ఇవ్వరు, వేణ్ణీళ్ళే తాగుతారు. చెప్పులు గుమ్మంలోనే విప్పాలి. ఏదిచ్చినా, ఏం పుచ్చుకున్నా రెండు చేతులతో. కానుకిస్తే నీ ముందు విప్పరు, నచ్చలేదనుకోకు. కంచం ఖాళీ చేశావంటే మళ్ళీ వడ్డిస్తారు. చాలు అనిపిస్తే ఒక ముద్ద వదిలెయ్."

"అన్నం వదిలేస్తే మీ నాన్న నన్ను కొట్టేవాడు."

"ఇంకోటి తెలుసా? నాయనమ్మకు ఒక పేరు, అమ్మమ్మకు ఒక పేరు. అక్క వేరు, చెల్లి వేరు. ఇంగ్లీషువాళ్ళకు లేని వరసలన్నీ వాళ్ళకున్నాయి, మనలాగే."

"అయితే మన చుట్టాలేరా వాళ్ళు!" అని పుష్పవతి నవ్వితే శ్యాం కూడా పగలబడి నవ్వాడు ఆ రోజు.

కోపం వచ్చినా వాళ్ళు మొహం మీద అనరనీ, 'శ్రమ ఎందుకు' అన్నారంటే వద్దని అర్థమనీ చెప్పినప్పుడు, "అది నాకు కొత్తా? మీ మేనత్త పోయేదాకా అట్లాగే మాట్లాడింది" అంది.

ఐర్లాండు వచ్చి మూడేళ్ళయినా కొడుకు తన ఎదురుగా కూర్చుని అంతసేపు మాట్లాడింది ఈ నెల రోజులే.

మిగతా రోజులన్నీ ఒకటే. తెల్లారకముందే శ్యాం బస్సుకు పరుగెత్తుతాడు. ఆ తర్వాత ఒక్కొక్క కారూ కదిలిపోతుంది. పది దాటాక ఆడమ్స్‌టౌన్‌లోని ఆ కొత్త ఇళ్ళ వరసలో మనిషి అలికిడి ఉండదు. గాలి ఒక్కటే సందుల్లోంచి ఊళ వేస్తూ తిరుగుతుంది. పుష్పవతి కీర్తనలు పైకి పాడేది, భక్తితో కొంత, ఏదో ఒక గొంతు వినపడాలని కొంత. కూతురు జెమీమా గాల్వేలో నర్సు. డ్యూటీలు కుదిరితే నెలకోసారి వస్తుంది.

అందుకే ఆ చైనా ఇల్లు పుష్పవతికి కలలోకి వచ్చేది. నాయనమ్మ, పెదనాన్నలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు, వంటింట్లో నలుగురు ఆడవాళ్ళు. ఎవరో ఒకరు భుజం తట్టి రా తిను అనడం. మాట అర్థం కాకపోతే మాత్రమేం? ఇంటినిండా మనుషులుంటారు. ఒక ఎర్ర చీర కూడా కొని ఫాల్ కుట్టించి పెట్టుకుంది.

ఆ రాత్రి ఆ చీర బయటికి తీసి, మడత విప్పకుండానే మళ్ళీ లోపల పెట్టేసింది.

*

మర్నాడు శనివారం. శ్యాం కాఫీ కూడా తాగకుండా లీవెన్ దగ్గరకు వెళ్ళిపోయాడు. అతని వెనకే గిరిజాకుమారి గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"అక్కయ్యగారూ, నా నోరు పడిపోను! శ్యాం నన్ను చూసి గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదండీ. ఏం జరిగింది?"

"ఏం జరగలేదు. నువ్వు థాంక్స్ చెప్పావు."

"చెప్పకూడదా మరి? పళ్ళు తిన్నాను, మనిషి ఎదురుపడింది. మీరు ఒక్క ముక్క అని ఉండాల్సింది, గిరిజా, వీటి ఊసెత్తకు అని."

"మా ఊళ్ళో ఎవరికీ చెప్పే పని లేదమ్మా. ఎవరు ఎవరికిచ్చారో గోడలక్కూడా తెలుసు, ఎవరూ నోరెత్తరు."

"ఇక్కడ గోడలు అట్టముక్కలు కదండీ, వాటికేం తెలుస్తుంది!" గిరిజ బల్ల దగ్గర కూలబడింది. "మావారు ఏమంటున్నారంటే, చైనావాళ్ళ దగ్గర తప్పయిపోయిందని ఊరికే అనకూడదట. కానుక పట్టుకెళ్ళి, వాళ్ళింట్లో కాసేపు కూర్చుని వస్తే వాళ్ళే అర్థం చేసుకుంటారట."

"హనుమత్‌ప్రసాద్‌గారు చైనా ఎప్పుడెళ్ళారు?"

"ఎక్కడికెళ్ళారండీ, సోఫాలో పడుకుని ఫోన్లో చూశారు."

పుష్పవతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. గిరిజ అది చూసి, కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"నేనూ తోడు రానా, అక్కయ్యగారూ?"

"వద్దు తల్లీ. నువ్వు రాకపోవడమే నాకు పెద్ద సాయం."

గిరిజ వెళ్ళాక పుష్పవతి అలమారలోంచి మినపపిండి తీసింది. నెయ్యి కాచి సున్నుండలు కట్టింది. స్టీలు డబ్బాలో సర్ది, పెట్టె అడుగున దాచుకున్న ఎర్ర జాకెట్టు ముక్క తీసి డబ్బాకు చుట్టింది. తెల్ల గుడ్డ చుట్టకూడదని కూడా శ్యామే చెప్పాడు.

ఎక్కడికి వెళ్తున్నదీ శ్యాంకు చెప్పలేదు.

*

బస్సు దిగి, ఎదురుగాలిలో ఎత్తు ఎక్కి, రెండుసార్లు వేరే ఇళ్ళ తలుపులు కొట్టి, చివరికి హువాంగ్ ఇల్లు పట్టుకుంది.

తలుపు తీసినావిడ చాలా పొట్టి మనిషి. జుట్టు మగపిల్లాడి మల్లే కత్తిరించుకుంది. పుష్పవతిని చూసి, ఆమె వెనక ఖాళీగా ఉన్న వీధిని చూసింది.

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కదాన్నే. బస్సులో."

ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఒకరికి తెలియని మాట ఇంకొకరికీ తెలియదు. దాంతో పేచీ లేకుండా పోయింది.

గుమ్మంలో చెప్పులు విప్పితే, హువాంగ్ ఇంట్లో తొడుక్కునే మెత్తటి జోళ్ళు తెచ్చి పాదాల ముందు పెట్టింది. కూర్చోబెట్టి, గాజు గ్లాసులో పొగలు కక్కే వేణ్ణీళ్ళు తెచ్చింది. ఎదురుగా అరమీద చెన్‌గారి ఫొటో ఉంది. సన్నటి మనిషి, నవ్వబోయి ఆగినట్టున్నాడు. ఫొటో ముందు చిన్న గిన్నెలో బూడిద, పక్కన మళ్ళీ కమలాపళ్ళు.

పుష్పవతి డబ్బా రెండు చేతులా చాచింది. హువాంగ్ వద్దు వద్దంది. మళ్ళీ చాచింది. ఇవన్నీ ఎందుకంది. మూడోసారికి తీసుకుని, విప్పకుండా పక్కన పెట్టింది. అంతవరకూ శ్యాం చెప్పినట్టే జరిగింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో శ్యాం చెప్పలేదు.

ఇద్దరూ నీళ్ళు తాగుతూ కూర్చున్నారు.

"కమలాపళ్ళు..." అని మొదలుపెట్టింది పుష్పవతి.

"బాధ పడ్డాను," అంది హువాంగ్, తిన్నగా. మొహం మీద అనరన్న మాట అబద్ధమైంది. "బాగోలేవేమో అనుకున్నాను. కుళ్ళినవి ఇచ్చానేమో అని ఆ రాత్రంతా ఆలోచించాను."

"అయ్యో, కాదు! పళ్ళు మంచివే. మేము... దేవుడి ముందు పెట్టినవి, ఎవరి ముందైనా పెట్టినవి, తినం. మా ఊళ్ళో కూడా అంతే. మీరని కాదు."

"ఆయన దేవుడు కాదు." హువాంగ్ ఫొటో వైపు తల తిప్పింది. "నా భర్త. నా కంటే ముందు తిని, బాగుంది తిను అని నాకిచ్చేవాడు. ఇప్పుడూ అంతే."

పుష్పవతి గ్లాసు కింద పెట్టింది. ఆ మాట ఎక్కడో తగిలింది.

"మీ ఆయన సమాధి ఉందా?" అని అడిగింది హువాంగ్.

"ఉంది. మా ఊళ్ళో. సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తిండి పెట్టం. పక్కన కూర్చుని మాట్లాడతాం."

"ఏం మాట్లాడతారు?"

"తిడతాను."

హువాంగ్ అర్థం కానట్టు చూసింది. పుష్పవతి వేలు చూపించి, కళ్ళెర్రజేసి, భర్త యోనాను ఎలా తిడుతుందో చేసి చూపించింది. హువాంగ్ పడిపడి నవ్వింది. ఆమె నవ్వు చూసి పుష్పవతికీ ఆగలేదు. ఇంకో మనిషితో కూర్చుని అలా నవ్వి ఎంత కాలమైందో ఇద్దరికీ తెలియదు.

నవ్వాగాక హువాంగ్ డబ్బా తీసుకుని అర దగ్గరకు వెళ్ళింది. ఫొటో ముందు పెట్టబోయి ఆగింది. వెనక్కి తిరిగి పుష్పవతిని చూసింది. అప్పుడు ఎర్రగుడ్డ ముడి విప్పి, మూత తీసి, ఒక సున్నుండ తెచ్చి పుష్పవతి చేతిలో పెట్టింది.

"ఈసారి ముందు మీకు," అంది. "తర్వాత ఆయనకు."

తన చేత్తో చేసిన సున్నుండ పుష్పవతి తనే ముందు తింది. హువాంగ్ మరొకటి ఫొటో ముందు పెట్టి వచ్చి, తనూ ఒకటి కొరికి, పొడి రాలకుండా అరచెయ్యి గడ్డం కింద పట్టుకుంది.

పుష్పవతికి ధైర్యం వచ్చింది.

"ఇంకో మాట. ప్రయాణానికి నన్ను వద్దన్నారని నాకు కోపం లేదు. నేను చేసినదానికి ఎవరైనా అదే అంటారు. కానీ నేను వస్తే, సమాధి దగ్గర తల వంచుతాను. తినలేను గానీ, తల వంచుతాను. మీ అత్తగారి ముందు మీకు మాట రానివ్వను."

హువాంగ్ నమలడం ఆపింది.

"వద్దని ఎవరన్నారు?"

"మీరే. మొన్న. లీవెన్‌తో."

"నేనా?" ఆమె అడ్డంగా తల ఊపింది. "నేను లీవెన్‌తో పళ్ళ సంగతే చెప్పాను. మీరు రాలేరని శ్యాం చెప్పాడు కదా. మోకాళ్ళ నొప్పులట, విమానంలో అంతసేపు కూర్చోలేరట. కొత్తవాళ్ళంటే మీకు భయమట, ఇంట్లో ఉంటేనే మీకు హాయిగా ఉంటుందట. మా కొత్త సంవత్సరానికి భోజనానికి వచ్చినప్పుడు ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పాడు. అందుకే మేము మూడు టికెట్లే తీశాం."

చైనా కొత్త సంవత్సరం ఎప్పుడు వెళ్ళిందో పుష్పవతికి బాగా తెలుసు. ఆ మర్నాడు రాత్రే శ్యాం కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టి, "రా అమ్మా, నీకు చైనా చూపిస్తా" అన్నాడు.

అంటే టికెట్టు లేదని తెలిసే మొదలుపెట్టాడు. తెలిసే ఆ పాఠాలన్నీ చెప్పాడు, ఆ నవ్వులన్నీ నవ్వాడు.

హువాంగ్ ఆమె ముఖంలోకి చూస్తూ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఇంకా నెల ఉంది. సీటు దొరుకుతుంది. రండి. ఇంట్లో మా అత్తగారు, నలుగురు తోడికోడళ్ళు, పిల్లలు. మీకు మంచం నా గదిలో వేస్తాను. లీవెన్‌కు ఇప్పుడే చెప్తాను. శ్యాం కూడా పక్కనే ఉంటాడు, ఇద్దరికీ వినపడేలా మాట్లాడతాను."

నలుగురు తోడికోడళ్ళు. పిల్లలు. పుష్పవతి కళ్ళ ముందు ఆ వంటింటి పొగ కూడా కనపడింది.

ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే, చేసుకోబోయే పిల్ల ముందు, ఆ పిల్ల తల్లి ముందు, తన కొడుకు అబద్ధాలకోరుగా నిలబడాలి. పెళ్ళికి ముందే.

హువాంగ్ వేలు ఫోను మీద ఆగి ఉంది.

"చెయ్యొద్దు," అంది పుష్పవతి. "వాడు చెప్పింది నిజమే. నా మోకాళ్ళు బాగాలేవు. రావాలని ఆశ కొద్దీ అడిగాను."

హువాంగ్ గుమ్మం దగ్గర తడిసి ముద్దయిన చెప్పుల వైపు చూసింది. బస్సు దిగి ఎత్తు ఎక్కివచ్చిన ఆ పాదాల వైపు చూసింది. ఫోను బోర్లా పెట్టి, ఖాళీ అయిన గ్లాసులో మళ్ళీ వేణ్ణీళ్ళు పోసింది.

బయట వాన పెద్దదైంది.

"శ్యాం ఇంకో మాట కూడా చెప్పాడు," అంది హువాంగ్, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "పెళ్ళయ్యాక మీరు ఇండియా వెళ్ళిపోతున్నారని. ఇంక తిరిగి రారని. అది కూడా మోకాళ్ళ వల్లేనా?"

ఆ సంగతి పుష్పవతి వినడం అదే మొదటిసారి.

గ్లాసు రెండు చేతుల మధ్యకు తీసుకుంది. కాలుతోంది. వదల్లేదు.

"అవును," అంది.